విద్యుద్యుగంలో స్పోర్ట్ సెడాను – ఒక విమర్శ

మోటారు కార్లలో అనేక జాతులున్నవి. సరకులు మోసేవి కొన్ని, సంసారాలను మోసేవి కొన్ని, పందెములకే పుట్టినవి కొన్ని. వీటి నడుమ స్పోర్ట్ సెడాను ఒక చిత్రమైన జాతి. చూపునకు అది నలుగురైదుగురు కూర్చునే సంసారపక్షపు బండి. ముందు యంత్రపు పెట్టె, నడుమ మనుషుల పెట్టె, వెనుక సామాన్ల పెట్టె – ఈ మూడు పెట్టెల కూర్పునే సెడాను అంటారు. కాని ఈ జాతి సెడానులో యంత్రము, స్ప్రింగులు, స్టీరింగు, బ్రేకులు పందెపు బండి వద్ద పాఠాలు నేర్చినవి. ఉదయం పిల్లలను బడి వద్ద దింపిన బండియే ఆదివారంనాడు ఘాటు రోడ్డు మీద చోదకునికి ఆటవిడుపు కాగలదు. ఒకే బండి రెండు బ్రతుకులు బ్రతకడమే దీని ప్రత్యేకత.

ఈ జాతికి కాలం చెల్లిపోతున్నదా అనే ప్రశ్న నేడు కార్ల తయారీదారులను, కార్ల ప్రియులను వేధిస్తున్నది. తయారీదారులు పెట్రోలు యంత్రాన్ని వదలి విద్యుత్తు వైపు మళ్లుతున్నారు. "విద్యుత్తు వచ్చి స్పోర్ట్ సెడానును చంపివేసింది" అని ఒక పక్షం అంటున్నది. "విద్యుత్ కారు ఇంకా వేగంగా పోతున్నది గదా, పోయినదేమున్నది?" అని రెండవ పక్షం అడుగుతున్నది. రెండు వాదాలలోనూ సగమే సత్యమున్నది. ఆ సగాలను వేరు చేసి చూపడానికి పదవ తరగతి భౌతికశాస్త్రం దాదాపు చాలును.

వంశ చరిత్ర

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఐరోపాలో మధ్యతరగతి చేతికి కాస్త డబ్బు, కాళ్ల కిందికి మంచి రోడ్లు వచ్చినవి. జర్మనీలో బీఎండబ్ల్యూ సంస్థ 1961లో ప్రదర్శించిన 1500 అనే కారును, ఇటలీలో ఆల్ఫా రోమియో సంస్థ 1962లో తెచ్చిన జూలియాను ఈ వంశపు తొలి తరంలో లెక్కించవచ్చును. 1986లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం3 ఈ జాతికి కొలబద్దగా నిలిచిపోయింది. దాని బరువు దాదాపు 1,200 కిలోగ్రాములు. నాలుగు సిలిండర్ల యంత్రం. సామర్థ్యం సుమారు 200 అశ్వసామర్థ్యాలు. నేటి లెక్కలో ఇది గొప్ప బలమేమీ కాదు. అయినా నలభై ఏండ్ల తరువాత కూడ దానిని తలచుకుంటున్నారంటే కారణం బలం కాదు. తేలికదనము, సమతూకము, రోడ్డు సంగతిని చోదకుని చేతికి చెప్పే స్టీరింగు.

కనుక స్పోర్ట్ సెడానును పరీక్షించేటప్పుడు మూడు ప్రశ్నలు వేయవలెను. ఒకటి: అది ఎంత త్వరగా కదలగలదు? రెండు: ఎంత చక్కగా తిరగగలదు, ఆగగలదు? మూడు: తాను చేస్తున్న పనిని చోదకునికి ఎంత నిజంగా తెలుపగలదు? ఈ మూడింటిలో ఒక్కదానికే మార్కులు వేసి తక్కిన రెండింటిని వదలిపెట్టడమే నేటి చర్చలో కనబడే ప్రధాన లోపం.

నేరం ఎవరిది?

మొదట, సెడాను జబ్బు పడినది విద్యుత్తు వలననే అనే అభియోగాన్ని పరిశీలించవలెను. దీనికి సాక్ష్యం తెలుగు నేల మీదనే ఉన్నది. పెనుకొండ వద్ద కియా సంస్థ నెలకొల్పిన కార్ల కర్మాగారం నుండి 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ బయటికి వచ్చింది. ఆ తరువాత కార్నివాల్, సోనెట్, కారెన్స్, సైరోస్ వరుసగా వచ్చినవి. 2025లో కారెన్స్ క్లావిస్ అనే బండి విద్యుత్ రూపంలో కూడ అక్కడ తయారైంది. భారత విపణికై అక్కడ తయారైన ఈ బండ్లన్నీ ఎత్తైనవే. వీటిలో ఒక్కటైనా సెడాను కాదు. వీటిలో అధిక భాగం పెట్రోలుతోనో డీజిలుతోనో నడిచేవని కూడ గమనించవలెను. అనగా విద్యుత్తు ఆ గడప తొక్కక ముందే సెడాను అక్కడ చోటు కోల్పోయింది.

ఇది ఒక్క పెనుకొండ కథ కాదు. ఫోర్డు సంస్థ అమెరికాలో తన సెడాన్లను నిలిపివేస్తున్నట్లు 2018లోనే ప్రకటించింది. భారతదేశంలో హోండా సివిక్ 2020లో ఆగిపోయింది. స్కోడా సంస్థ 2025 అక్టోబరులో ఆక్టేవియా ఆర్.ఎస్. అనే స్పోర్ట్ సెడానును ఇక్కడికి నూరు బండ్లే తెచ్చింది. బుకింగులు మొదలైన కొద్ది సేపటికే అవి అన్నీ చెల్లిపోయినవి. ప్రేమ చావలేదన్నమాట. కాని నూరు మంది ప్రేమతో ఒక కర్మాగారం నడవదు.

ఎత్తు బండి మీద జనానికి మోజు కలగడంలో కొంత న్యాయం లేకపోలేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు నిర్దేశించిన ప్రకారం స్పీడు బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పున, నడుమ 10 సెంటీమీటర్ల ఎత్తున గుండ్రంగా లేవవలెను. అటువంటి దానిని పల్లపు బండి కూడ సుఖంగా దాటగలదు. కాని వీధికొకటిగా ఇష్టం వచ్చిన కొలతలతో వేసిన గట్టులకు ఈ సూత్రం తెలియదు. వాన పడితే రోడ్డు మీద నిలిచే నీటికీ తెలియదు. సెడాను కడుపు నేలకు తగిలిన ప్రతిసారీ దాని యజమాని మనస్సు ఎత్తు బండి వైపు మళ్లుతున్నది. కనుక మొదటి నేరస్థుడు విద్యుత్తు కాదు. కొంత రోడ్డు, కొంత వేలంవెర్రి.

కియా సంస్థ కథలోనే రెండవ సాక్ష్యం కూడ ఉన్నది. 2017లో ఆ సంస్థ స్టింగర్ అనే కారును లోకానికి చూపింది. వెనుక తలుపు పైకి లేచే రకమే అయినా, నడతను బట్టి దానిని స్పోర్ట్ సెడానుగానే విమర్శకులు ఆదరించారు. ఆరు సిలిండర్లు, 3.3 లీటర్లు గల దాని యంత్రం గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని 4.9 సెకన్లలో అందుకున్నది. 2023లో దాని తయారీ ఆగిపోయింది. అదే సంస్థ విద్యుత్ కారు ఈవీ6 జీటీ అదే వేగాన్ని 3.5 సెకన్లలోనే అందుకుంటున్నది. ఈ ఒక్క లెక్క చూస్తే శిష్యుడు గురువును మించినట్లే. కాని స్టింగర్ ఎత్తు 1,400 మిల్లీమీటర్లు. ఈవీ6 జీటీ ఎత్తు 1,545 మిల్లీమీటర్లు. బరువులో కూడ అది సుమారు 2,200 కిలోగ్రాములకు చేరింది. స్టింగర్ ఖాళీ చేసిన కుర్చీలో కూర్చున్నది మరొక సెడాను కాదు. బలిష్ఠమైన ఎత్తు బండి.

మోటారు స్వభావం

మొదటి ప్రశ్నకు, అనగా త్వరణానికి సంబంధించి విద్యుత్తుకు నూటికి నూరు మార్కులు వేయవలసినదే. పెట్రోలు యంత్రం నిలిచిన చోటు నుండి బలం చూపలేదు. అది ముందు నిమిషానికి కొన్ని వందల చుట్లు తిరుగుతుండవలెను. దాని తిప్పుడు బలం (టార్కు) గరిష్ఠ స్థితికి రావడానికి వేల చుట్లు కావలెను. అందుచేతనే క్లచ్చి, గేరుపెట్టె అవసరమైనవి. విద్యున్మోటారు అట్లు కాదు. దానిలోని తీగచుట్టలో విద్యుత్ ప్రవాహం పుట్టిన మరుక్షణమే, చక్రం ఇంకా కదలక ముందే, పూర్తి తిప్పుడు బలం సిద్ధంగా ఉంటుంది. నిమిషానికి పదిహేను వేల చుట్లు దాటినా అది అలసిపోదు. కనుక చాలా విద్యుత్ కార్లకు ఒకే గేరు చాలును.

చైనాకు చెందిన బీవైడీ సంస్థ 2024 మార్చిలో సీల్ అనే విద్యుత్ సెడానును భారతదేశంలో విడుదల చేసింది. దానిలో బలమైన రకానికి 530 అశ్వసామర్థ్యాలున్నవి. గంటకు 100 కిలోమీటర్ల వేగానికి 3.8 సెకన్లు చాలునని తయారీదారు చెపుతున్నారు. పది, పదిహేనేండ్ల కిందట ఇది కోట్ల ఖరీదు చేసే పందెపు కార్ల లెక్క. నేడు అందులో ఎన్నో వంతు ధరకే లభిస్తున్నది.

అయితే ఏది అందరికీ సులభంగా లభిస్తుందో అది గొప్పతనానికి గుర్తుగా నిలువజాలదు. మోటారు సామర్థ్యాన్ని పెంచడం నేడు కష్టమైన విద్య కాదు. సంసారపు బండి కూడ స్పోర్ట్ సెడానుతో సమంగా దూకగలిగినప్పుడు, ఆ దూకుడు చూచి ఒకదానిని స్పోర్ట్ సెడాను అనడంలో అర్థం లేదు. కనుక నిజమైన పరీక్ష రెండవ ప్రశ్నకు మారింది.

బరువు – అసలు చిక్కు

వరంగల్లుకు పొరుగున, హైదరాబాదు రహదారి మీద మడికొండ ఉన్నది. దానిని ఆనుకొని ఉన్న కాజీపేట పెద్ద రైలు జంక్షను. అక్కడ విద్యుత్ రైలింజన్లకు ప్రత్యేకమైన షెడ్డు కలదు. ఆ షెడ్డులో ఉండే డబ్ల్యూఏజీ–9 అనే సరకు బండి ఇంజను బరువు 123 టన్నులు. ఆ బరువు దానికి లోపం కాదు, గుణం. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం జారిపోకుండ వేల టన్నుల బండిని లాగవలెనంటే ఇంజను పట్టాను గట్టిగా తొక్కి నిలువవలెను. పైగా ఆ ఇంజను తన శక్తిని తాను మోసుకొనిపోదు; నెత్తి మీది తీగ నుండి ఎప్పటికప్పుడు తీసుకొంటుంది. కారుకు ఈ రెండు సౌకర్యాలూ లేవు. అది తన శక్తిని తానే మోయవలెను. ఆ మోత దాని ఆటకు అడ్డు.

ఒక కిలోగ్రాము పెట్రోలులో సుమారు 12 కిలోవాట్ గంటల శక్తి ఉన్నది. ఒక కిలోగ్రాము బ్యాటరీలో, పెట్టె బరువుతో సహా లెక్కించితే, దాదాపు 0.17 కిలోవాట్ గంట మాత్రమే ఉన్నది. పెట్రోలు యంత్రం తన ఆహారంలో నూటికి 28 పాళ్లు మాత్రమే పనిగా మార్చునని, మోటారు 90 పాళ్లు మార్చునని అనుకుందాం. అప్పుడు చక్రానికి చేరేది పెట్రోలు పక్షాన 3.4, బ్యాటరీ పక్షాన 0.15 కిలోవాట్ గంటలు. ఇంకా ఇరవై రెట్లకు పైగా తేడా మిగిలియే ఉన్నది. 84 కిలోవాట్ గంటల బ్యాటరీ పెట్టె దాదాపు 500 కిలోగ్రాములు తూగడానికి కారణమిదే. ఆరేడుగురు మనుషులు ఎప్పుడూ దిగకుండ నేల కింద కూర్చున్నట్లు!

ఫలితం చూడవచ్చును. 1986 నాటి ఎం3 బరువు 1,200 కిలోగ్రాములు. నేటి పెట్రోలు ఎం3 బరువు 1,700 దాటింది. అదే సంస్థ 2021లో తెచ్చిన విద్యుత్ సెడాను ఐ4 ఎం50 బరువు సుమారు 2,215 కిలోగ్రాములు. ఇక్కడ న్యాయంగా ఒక సంగతి చెప్పవలెను: మొదటి అయిదు వందల కిలోలు పెరిగినది పెట్రోలు కాలంలోనే. భద్రత కొంత, సుఖం కొంత, ఆడంబరం కొంత దానికి కారణాలు. రెండవ అయిదు వందల కిలోలు మాత్రమే బ్యాటరీ పద్దులో పడవలెను. బరువెక్కిన సెడానుకు ఇది గోరుచుట్టు మీద రోకటిపోటు.

మలుపులో పరీక్ష

బరువు పెరిగితే మలుపులో ఏమి నష్టమని తెలివిగల విద్యార్థి అడుగవచ్చును. ప్రశ్న సమంజసమైనదే. m ద్రవ్యరాశి గల కారు r వ్యాసార్థం గల మలుపులో v వేగంతో తిరుగునప్పుడు దానికి కావలసిన అభికేంద్ర బలము ద్రవ్యరాశికి అనులోమంగా ఉంటుంది. టైరుకు రోడ్డుకు నడుమ దొరికే ఘర్షణ బలం కూడ ద్రవ్యరాశికి అనులోమమే. రెండు వైపులా ద్రవ్యరాశి కొట్టివేయబడుతుంది. ఘర్షణ గుణకం 1, మలుపు వ్యాసార్థం 50 మీటర్లు అయితే గరిష్ఠ వేగం సెకనుకు 22 మీటర్లు, అనగా గంటకు దాదాపు 80 కిలోమీటర్లు. తేలిక బండికైనా బరువు బండికైనా ఇదే. పాఠ్యపుస్తకం ఇక్కడ ఆగిపోతుంది.

కాని టైరు అంత విధేయమైన వస్తువు కాదు. రబ్బరు మీద బరువు రెట్టింపయితే పట్టు రెట్టింపు కాదు. కొంత తక్కువగానే పెరుగుతుంది. అనగా బరువు పెరిగిన కొలది ఘర్షణ గుణకమే తగ్గుతుంది. అది 1 నుండి 0.9కి తగ్గినదనుకుంటే పై మలుపులో గరిష్ఠ వేగం గంటకు 76 కిలోమీటర్లకు దిగుతుంది. దీనిని సరిదిద్దడానికి వెడల్పు టైర్లు వేస్తారు. వాటి వలన బరువు, ఖర్చు పెరుగుతవి. రోడ్డు సంగతి స్టీరింగుకు చేరడం తగ్గుతుంది. ఒక మందుకు మరొక మందు వంటిది ఈ వరుస.

ఆగడంలో లెక్క ఇంకా స్పష్టం. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో 1,700 కిలోగ్రాముల కారుకు గతిశక్తి సుమారు 656 కిలోజౌళ్లు. 2,200 కిలోగ్రాముల కారుకు 849 కిలోజౌళ్లు. ఆగవలెనంటే ఈ శక్తి ఎక్కడికో పోవలెను. పెట్రోలు కారులో అది అంతా బ్రేకు బిళ్లల వేడిగా పోతుంది. విద్యుత్ కారులో మోటారే జనరేటరుగా మారి కొంత శక్తిని బ్యాటరీకి తిరిగి ఇస్తుంది. ఇది విద్యుత్తు చేసే గొప్ప ఉపకారం. కాని హఠాత్తుగా ఆగవలసి వచ్చినప్పుడు పెద్ద భారం మళ్లీ టైర్ల మీద, బ్రేకుల మీదనే పడుతుంది.

బ్యాటరీకి అనుకూలంగా చెప్పవలసినది కూడ ఉన్నది. ఆ బరువు నేల కింద పరచి ఉండడం వలన కారు గరిమనాభి కిందికి దిగుతుంది. మలుపులో బండి పక్కకు ఒరగడం తగ్గుతుంది. బరువు నడుమ ఉండడం వలన తిరుగుటకు అడ్డుపడే జడత్వ భ్రామకం కూడ అదుపులో ఉంటుంది. కాని అదే పలక కాళ్ల కిందికి వచ్చి కూర్చునేవారిని పైకి లేపుతుంది. వారి కొరకు కప్పు పైకి లేవవలెను. కప్పు లేస్తే సెడాను రూపం చెడుతుంది. పోర్షే సంస్థ 2019లో తెచ్చిన టైకాన్‌లో వెనుక కూర్చునేవారి పాదాలకై బ్యాటరీ పెట్టెలోనే గుంటలు విడిచి ఈ చిక్కు తప్పించుకున్నది. ఎత్తు బండిలో ఇంత శ్రమ లేదు. తయారీదారులు దాని వైపు మొగ్గుటకు ఇదొక కారణం.

గాలి సెడాను పక్షమే

అయినా ప్రకృతిలో ఒక శక్తి సెడాను పక్షాన నిలిచి ఉన్నది. అది గాలి. గాలి నిరోధం వేగపు వర్గానికి, కారు ముందరి వైశాల్యానికి, దాని ఆకారాన్ని బట్టి ఉండే నిరోధ గుణకానికి అనులోమంగా పెరుగుతుంది. పల్లంగా, వెనుకకు సన్నగిల్లే సెడానుకు ఈ రెండూ తక్కువ. హ్యుందాయ్ అయోనిక్ 6 అనే విద్యుత్ సెడాను నిరోధ గుణకం 0.21, లూసిడ్ ఎయిర్‌ది 0.197. ఎత్తు బండ్లలో అది 0.30 దాటడం సామాన్యం.

మడికొండ నుండి హైదరాబాదుకు 163వ జాతీయ రహదారి మీద సుమారు 130 కిలోమీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల నిలకడ వేగంతో రెండు విద్యుత్ కార్లు బయలుదేరినవని ఊహించి తరగతి గదిలో లెక్క కట్టవచ్చును. మొదటిది సెడాను: నిరోధ గుణకం 0.22, ముందరి వైశాల్యం 2.3 చదరపు మీటర్లు. రెండవది ఎత్తు బండి: గుణకం 0.33, వైశాల్యం 2.6 చదరపు మీటర్లు. గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.2 కిలోగ్రాములు. సెడానును గాలి 234 న్యూటన్ల బలంతో, ఎత్తు బండిని 397 న్యూటన్ల బలంతో అడ్డుతుంది. ప్రయాణం ముగిసేసరికి ఒక్క గాలిని చీల్చడానికే సెడానుకు 8.5, ఎత్తు బండికి 14.3 కిలోవాట్ గంటలు ఖర్చవుతవి. తేడా దాదాపు 6 కిలోవాట్ గంటలు. ఈ తేడాకై ఎత్తు బండి ముప్ఫై అయిదు కిలోగ్రాముల బ్యాటరీని అదనంగా మోయవలెను. దూరం పెరిగితే ఆ మోత ఇంకా పెరుగుతుంది.

పెట్రోలు చవకగా దొరికిన కాలంలో గాలితో చేసే ఈ దుబారా కనబడలేదు. బ్యాటరీ కాలంలో ప్రతి కిలోవాట్ గంటకు ధర ఉన్నది, బరువు ఉన్నది. కనుక సెడాను ఆకారాన్ని విద్యుత్తు ద్వేషించవలసిన పని లేదు, కోరుకోవలసి ఉన్నది. స్టింగర్‌ను విరమించిన కియా సంస్థయే 2025లో ఈవీ4 అనే విద్యుత్ సెడానును చూపడం గమనింపదగినది.

నటించే గేరు

ఇక మూడవ ప్రశ్న: బండి చోదకునితో నిజం చెపుతున్నదా? పెట్రోలు యంత్రపు ధ్వని అలంకారం కాదు. ఆ ధ్వని స్థాయి యంత్రపు చుట్ల సంఖ్యను చెపుతుంది. దాని బరువు, తేలికలు యంత్రం మీద పడిన భారాన్ని చెపుతవి. మీటరు చూడకయే చోదకుడు తన వేగాన్ని చెవితో కొలుచుకొంటాడు. మోటారు దాదాపు నిశ్శబ్దం. చోదకుడు ఒక కొలత పరికరాన్ని కోల్పోయినాడు. ఇది నిజమైన నష్టమే. కేవలం పాత జ్ఞాపకాల బెంగ కాదు.

ఈ లోటును పూరించడానికి హ్యుందాయ్ సంస్థ 2023లో అయోనిక్ 5 ఎన్ అనే కారులో ఒక విచిత్రం చేసింది. లేని ఎనిమిది గేర్లను ఉన్నట్లు నటింపజేసింది. చోదకుడు మీట లాగితే కంప్యూటరు మోటారు బలాన్ని క్షణకాలం తగ్గించి, గేరు మారినట్లు కుదుపునిచ్చి, స్పీకరు ద్వారా యంత్రపు ధ్వనిని వినిపిస్తుంది. 2025లో చూపిన అయోనిక్ 6 ఎన్ అనే సెడానులో కూడ ఈ ఏర్పాటు ఉన్నది. పోర్షే టైకాన్ వెనుక ఇరుసు మీద మాత్రం నిజంగానే రెండు గేర్లున్నవి: ఒకటి దూకుడుకు, రెండవది నిలకడ వేగానికి. ఒకటి అవసరం కొరకు పుట్టిన గేరు. రెండవది అలవాటు కొరకు పుట్టిన నటన.

నటన అన్నంత మాత్రాన దానిని తోసివేయనక్కరలేదు. ఆ ధ్వని మోటారు వేగాన్ని సత్యంగా అనుసరించితే అది చోదకునికి ఉపయోగపడే సంకేతమే అవుతుంది. తక్కువ వేగంలో పాదచారులను హెచ్చరించడానికి విద్యుత్ కార్లు కృత్రిమ ధ్వని చేయవలెనని ఐరోపాలో చట్టమే ఉన్నది. దానిని ఎవరూ మోసమనరు. కాని ఉన్న సామర్థ్యాన్ని తగ్గించి, లేని యంత్రాన్ని జ్ఞాపకం చేసే కుదుపు శాస్త్ర ప్రగతి అనిపించుకోదు. చూచే పామరునికి అది వినోదం. చోదకునికి అది అరువు తెచ్చుకున్న ఆనందం. విద్యుత్ సెడాను తన సొంత భాషను వెదకుకోవలసి ఉన్నది.

ఆ భాషను వ్రాసేది కమ్మరి సుత్తె కాదు, కంప్యూటరు ప్రోగ్రాము. ఏ చక్రానికి ఎంత బలం, ఏ క్షణాన ఇవ్వవలెనో సెకనులో వెయ్యో వంతులో నిర్ణయించేది అదే. మడికొండలో 2020 జనవరిలో సైయెంట్, టెక్ మహీంద్రా సంస్థల కేంద్రాలు ప్రారంభమైనవి. ఈ కార్ల ప్రోగ్రాములు అక్కడ తయారవుతున్నవని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. కారు నడతను దిద్దే విద్య ఒకప్పుడు మ్యూనిక్, మిలాను నగరాల కర్మాగారాలను వదలి కదిలేది కాదు. నేడు గణితము, భౌతికశాస్త్రము బాగా వచ్చిన విద్యార్థి ఏ ఊరిలో ఉన్నా ఆ విద్యకు అర్హుడే.

మధ్యేమార్గపు బండ్లు

పెట్రోలును వదలలేక, విద్యుత్తును కాదనలేక కొందరు రెండింటినీ ఒకే బండిలో పెట్టినారు. మెర్సిడెస్ సంస్థ తన సి63 సెడాను నుండి నాలుగు లీటర్ల ఎనిమిది సిలిండర్ల యంత్రాన్ని తీసివేసి, 2022లో రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల యంత్రానికి విద్యున్మోటారును జోడించింది. సామర్థ్యం 680 అశ్వసామర్థ్యాలకు పెరిగింది. బరువు కూడ 2,100 కిలోగ్రాములు దాటింది. కాగితం మీద గెలిచిన ఆ బండి పాత అభిమానుల మనస్సు గెలువలేకపోయింది. 2024లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం5 కూడ ఇటువంటి జోడింపే. దాని బరువు సుమారు 2,435 కిలోగ్రాములు, అనగా కేవలం బ్యాటరీతో నడిచే ఐ4 కంటె కూడ ఎక్కువ! రెండు యంత్రాలను మోసే బండి రెంటికీ చెడిన రేవడి కాకుండ చూచుకోవడం కష్టమని ఈ రెండు ఉదాహరణలు చెపుతున్నవి.

హుసేన్ సాగరు ఒడ్డున

విద్యుత్తుకు, క్రీడకు సహజ వైరం లేదనడానికి హైదరాబాదే సాక్షి. 2023 ఫిబ్రవరి 11న హుసేన్ సాగరు ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగింది. భారతదేశంలో విద్యుత్ కార్ల ఈ పందెం అదే మొదటిది. ఫ్రాన్సు చోదకుడు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచినాడు. మరుసటి ఏడు జరుగవలసిన రెండవ పందెం రద్దయింది. ఆ పందెపు కార్లు చోదకునితో సహా 840 కిలోగ్రాములకు కొంచెం అటూ ఇటూగా తూగుతవి. సామర్థ్యం 350 కిలోవాట్లు. ఆగేటప్పుడు 600 కిలోవాట్ల వరకు శక్తిని వెనుకకు రాబట్టగలవు. అవి అంత తేలికగా ఉండడంలో రహస్యమేమనగా, పందెం సుమారు ముప్పావు గంటలో ముగుస్తుంది. చిన్న బ్యాటరీ చాలును. సంసారపు కారుకు ఆ వెసులుబాటు లేదు. తిరుపతి దాకా ఆగకుండ పోగలదా అని కొనేవాడు అడుగుతాడు. తయారీదారు మరొక వంద కిలోల బ్యాటరీ జోడిస్తాడు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి బయటపడుతున్నది. విద్యుత్ సెడాను బరువును నిర్ణయించేది కారు రూపశిల్పి ఒక్కడే కాదు. రోడ్డు పక్కన ఉండే చార్జింగు కేంద్రం కూడ. నూరు కిలోమీటర్లకు 16 కిలోవాట్ గంటలు వాడే సెడాను మడికొండ నుండి హైదరాబాదు పోయి తిరిగి రావడానికి దాదాపు 42 కిలోవాట్ గంటలు చాలును. దారిలో నమ్మదగిన చార్జింగు ఉన్నదంటే 50 కిలోవాట్ గంటల బ్యాటరీతో ధైర్యంగా బయలుదేరవచ్చును. 84తో పోల్చితే రెండు వందల కిలోగ్రాములు మిగులుతవి. ఆ రెండు వందల కిలోలలోనే స్పోర్ట్ సెడాను ప్రాణమున్నది.

తీర్పు

పాలకుల నిర్ణయాలు కూడ ఈ కథను అటూ ఇటూ తిప్పుతున్నవి. 2025 సెప్టెంబరు 22 నుండి భారతదేశంలో నాలుగు మీటర్లు దాటిన పెట్రోలు కారు మీద పన్ను 40 శాతం. విద్యుత్ కారు మీద 5 శాతమే. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును 2026 డిసెంబరు ఆఖరు వరకు మినహాయించింది. ఈ లెక్కన ఇక్కడ స్పోర్ట్ సెడాను కొనదలచినవానికి విద్యుత్ రకమే చవక కావచ్చును. ఐరోపాలో మరొక గాలి వీస్తున్నది. 2035 తరువాత పొగ విడిచే కొత్త కారు అమ్మరాదని 2023లో చేసిన నియమాన్ని కొంత సడలించవలెనని 2025 డిసెంబరులో ఐరోపా కమిషను ప్రతిపాదించింది. బీఎండబ్ల్యూ సంస్థ రాబోయే ఎం3ని పెట్రోలు, విద్యుత్తు రెండు రూపాలలోనూ తెస్తానని ప్రకటించింది. తయారీదారులకే దారి స్పష్టంగా లేదన్నమాట.

ఈ సందిగ్ధంలో కూడ మూడు ప్రశ్నలకు మార్కులు వేయవచ్చును. త్వరణంలో విద్యుత్ సెడాను ఉత్తీర్ణం కాదు, ప్రథమం. తిరుగుటలో, ఆగుటలో అది బరువుతో పెనుగులాడుతూ, గరిమనాభి సాయంతో అంతంతమాత్రంగా గట్టెక్కుతున్నది. నిజం చెప్పడంలో ఇంకా తప్పటడుగుల దశలోనే ఉన్నది. మొదటి మార్కును చూచి మురిసిపోయి తయారీదారులు మరింత సామర్థ్యం, దానికి మరింత బ్యాటరీ, దానికి మరింత బరువు అనే చక్రంలో పడినంత కాలం స్పోర్ట్ సెడాను పేరుకు మాత్రమే మిగులుతుంది. ఆ దోషం విద్యుత్తుది కాదు, కొలత ఎంచుకున్నవారిది.

నాలుగు చక్రాలు గల ఏ వస్తువైనా నేడు వేగంగా పోగలదు. తేలికగా, పల్లంగా, గాలిని తక్కువగా నొప్పించి, చోదకుని చేతికి రోడ్డును చదివి వినిపించే బండిని తయారు చేయడమే మిగిలిన విద్య. 1986లో 1,200 కిలోగ్రాములతో సాధించిన ఆ విద్యను బ్యాటరీతో మళ్లీ సాధించగలిగిన నాడు స్పోర్ట్ సెడాను భవిష్యత్తును గురించి ఎవరూ ప్రశ్నించరు. అంతవరకు కారు ప్రకటనలో "ఎన్ని సెకన్లు?" అనే అంకెను చూచిన విద్యార్థి "ఎన్ని కిలోలు?" అనే రెండవ ప్రశ్నను కూడ వేయడం నేర్చుకుంటే మంచిది.